మునెమ్మ గుంజకు కట్టిన పరాయి ఆవు

నా నోటికి జడిసి మా వీధికొచ్చే కూరగాయలామె కూడా తూకం సరిగ్గా వేస్తుంది. కాలేజీలో నేను చెయ్యెత్తితే చాలు, ప్రిన్సిపాలుగారు మీటింగు ముగిసిందంటారు. ముక్కుసూటి మనిషి, ఎంత మాటైనా మొహం మీదే అనేస్తుంది అని తిరుపతిలో నాకు పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకొక ఆవు గుర్తొస్తుంది. ఎర్రటి సీమావు. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆవు బరువెంతుంటుందో మీరే ఊహించుకోండి.

మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు కనుక. ఎరిగినవాళ్లకు చెబితే "పోనీలే, చిన్నతనం" అని వీపు నిమురుతారు. ఆ నిమరడం నాకక్కర్లేదు. చిన్నతనం కాదది. అప్పటికి నాకు ఎమ్మే పట్టా ఉంది. ఓటుహక్కు ఉంది. ఊళ్లకు ఊళ్లకే బుద్ధి చెప్పగలనన్న పొగరు కూడా ఉంది.

డెబ్భైలు ముగుస్తున్న రోజులు. చిత్తూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో నాకు ఉద్యోగం. విదేశీ విరాళాలతో నడిచేది. కరువు పల్లెల్లో పేద ఆడవాళ్లకు సీమావులు ఇప్పించడం మా పథకం. ఆవు వస్తుంది, పాలు కేంద్రానికి పోతాయి, పిల్లలు బడికి పోతారు. కాగితం మీద ఎంత చక్కగా నడిచిందో ఆ ఆవు! మా నాన్నగారు గుడి ఆఫీసులో గుమాస్తా. వైష్ణవ కుటుంబం. మా ఇంట్లో ఆవుకు పసుపూ కుంకుమా పెట్టినవాళ్లే గాని దాని పొదుగు కింద కూర్చున్నవాళ్లు లేరు. అయినా పాడి గురించి పల్లెల్లో ఉపన్యాసాలిచ్చింది నేనే.

మునెమ్మ అలాంటి ఒక పల్లెలో మేకలు మేపుకుని బతికే మనిషి. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు. మునెమ్మ వయసులో నాకంటే పెద్దది. నోటికి మాత్రం నాకు సరిజోడు, అందుకే మా ఇద్దరికీ పడింది. సంస్థ చెప్పని షరతు ఒకటి నా అంతట నేనే పెట్టాను: మేకలు అమ్మేస్తేనే ఆవు. మేం నాటించిన మొక్కల్ని మేకలు మిగలనివ్వడం లేదని పైకి చెప్పిన కారణం. అసలు కారణం వేరే. "మేకలున్నప్పుడు ఆవెందుకు?" అని ఆమె నలుగురిలో నన్ను ఎదిరించింది. నేను వాదనకు దిగాను. దిగాక గెలవాలి గదా. వారం వారం వెళ్లి వాదించాను. చివరికి ఆమెను గెలిచింది నా మాటలు కావు, ఆవు అందం. లారీలోంచి దిగుతున్న ఆ ఎర్రటి ఒళ్లు చూసి మనసు పారేసుకుంది. మేకల్ని సంతకు తోలి అమ్మేసింది. ఆవు మెడకు గంట కట్టి పల్లె చుట్టూ పెళ్లికూతుర్ని తిప్పినట్టు తిప్పింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ ఎండాకాలం బావి అడుగు కనబడింది. పచ్చిమేత కరువైంది. చల్లని దేశపు రక్తం కలిసిన గొడ్డు, నాలుక బయటపెట్టి రొప్పింది. ఒక మధ్యాహ్నం పడుకున్నది ఇక లేవలేదు. మునెమ్మది ఒక్కటే కాదు, ఆ పల్లెలో మేమిచ్చిన ఆవులు చాలావరకు అలాగే పోయాయి. మిగిలినవి చావకముందే అమ్ముకున్నారు.

సరిగ్గా అప్పుడే, విరాళమిచ్చిన దేశం నుంచి ఒకావిడ పథకం చూడ్డానికి వస్తోందని తెలిసింది. మా కార్యదర్శి తల పట్టుకు కూర్చున్నాడు. ఉపాయం చెప్పింది నేను. దీన్ని ఎవరి మీదికీ తొయ్యను. పక్కూళ్లో మామిడితోటల రైతు దగ్గర అలాంటి ఆవులే ఉన్నాయి. ఒక్క పూటకు తెప్పించి వీళ్ల గుంజలకు కట్టిద్దామన్నాను. "పెళ్లికి నగలు అరువు తెచ్చుకోమా ఏం?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే ఒప్పుకున్నట్టే.

మునెమ్మ మాత్రం ఒక మాట తీసుకుని గాని గుంజ ఇవ్వలేదు. ఆవిడ వస్తే తన సంగతి ఒకటి చెప్పాలంది. నేనే ఇంగ్లీషులో చెబుతానన్నాను. అన్నప్పుడు చెప్పాలనే అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. అనుకోలేదనే నా అనుమానం.

ఆవిడ పొద్దున్నే వచ్చింది. పొడుగ్గా, ఎండకు మొహం కమిలి, గుడ్డ బూట్లతో. మునెమ్మ పాక ముందు ఆవును చూడగానే ఆవిడ కళ్లు వెలిగాయి. తనూ పాడి రైతు బిడ్డేనట. పాలు పితుకుతుంటే చూడాలని ఉందంది. ఎవరం ఊహించని కోరిక. మునెమ్మ చెంబు తీసుకుని కూర్చుంది. ఎరగని చెయ్యి తగిలితే ఆవు చేపుతుందా? కాలు విసిరింది. చెంబు ఎగిరి ఆవిడ బూట్ల ముందు పడింది. ఆవు మామిడితోట వైపు తల తిప్పి, అక్కడున్న తన దూడ కోసం అరవడం మొదలుపెట్టింది. ఆవిడ నుదురు ముడిపడింది. పాడి ఇంట పుట్టిన మనిషి. ఇంకాస్త సేపు చూస్తే అంతా తెలిసిపోతుంది.

మునెమ్మ లేచి, చీర దులుపుకుని, నా వైపు తిరిగింది.

"ఇంక సాల్లే అమ్మణ్ణీ, ఈ నాటకం. గొడ్డు గూడా మనల్ని సూసి నవ్వతా ఉండాది. ఇది నా ఆవు కాదు, నా ఆవు సచ్చిపోయిందని ఆయమ్మకు సెప్పు. ఈ ఎండలకి ఈడ సీమావులు బతకవు, నాకు మేకలే ఇప్పించమని సెప్పు. ఇంకేమీ అడగను."

ఏమంటోందని ఆవిడ నన్నడిగింది.

నేను ఇంగ్లీషులో, ఒక్క తడబాటు లేకుండా, ఇలా అన్నాను: "మా ప్రాంతంలో పరాయివాళ్ల ముందు పాలు పితకరు. దిష్టి తగిలి పొదుగు ఎండిపోతుందని నమ్మకం. మీరడిగారన్న మొహమాటంతో కూర్చుంది గాని ఆమెకు మనసొప్పడం లేదు."

ఎక్కణ్ణుంచి వచ్చిందా మాట? మా ఇంట్లోంచే. స్వామికి నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తారు. మా నాయనమ్మ పరాయివాళ్ల చూపు పడితే ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఇవన్నీ మూఢనమ్మకాలని చిన్నప్పుడు ఇంట్లో అందరితో పోట్లాడినదాన్ని నేను. అవసరం రాగానే ఆ తెర తీసుకెళ్లి మునెమ్మ పాకకు కట్టాను.

ఆవిడ మొహం సిగ్గుతో కందిపోయింది. మునెమ్మకు రెండు చేతులూ జోడించి, తలవంచి, పాక ముందు నుంచి వెనక్కి జరిగింది. ఆచారాలంటే అంత గౌరవం ఆవిడకు. ఆ గౌరవాన్నే నేను వాడుకున్నాను.

మునెమ్మ ఆ దణ్ణం చూసి పొంగిపోయింది.

"ఏం సెప్పినావు?"

"నువ్వు చెప్పిందే."

"ఆయమ్మ ఏమనె?"

"ఆలోచిస్తారట."

"సూడు, దండం గూడా పెట్టె! మంచిదే పాపం. నువ్వు ఊరికే బయపడి సచ్చినావు."

భయపడ్డానా? లేదు. ఉద్యోగం పోతుందని అబద్ధమాడానంటే మీరు జాలిపడతారు, కానీ అది ఇంకో అబద్ధమవుతుంది. ఆ ఉద్యోగం పోతే నాకు మరొకటి దొరికేది. సంస్థను కాపాడాలనా? ఆ సంస్థ మీద నాకంత ప్రేమ ఏనాడూ లేదు. నన్ను నేను తరచి చూసుకున్నాను, లోపల మిగిలింది ఒక్కటే. మేకలా ఆవా అన్న వాదనలో మునెమ్మదే గెలుపని నా నోటితో, నా ఇంగ్లీషులో, ఒక తెల్లావిడ ముందు నేను ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు. అంతే. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

ఆవిడ తిరిగి వెళ్లి, మా పనిని మెచ్చుకుని, మరిన్ని పల్లెలకు ఆవులు మంజూరు చేయించింది. పితకడం చూపించమని తర్వాత వచ్చినవాళ్లెవరూ అడగలేదు. మా ఆచారం వాళ్లకు ముందే చెప్పి పంపేవారట! ఆ పల్లెల్లోనూ ఎండాకాలం వచ్చింది. అక్కడా అదే జరిగింది. ఈలోగా నాకు పై ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లకు దాన్నీ వదిలి కాలేజీలో చేరాను. సమాజసేవ గురించి పాఠాలు చెబుతున్నాను. నవ్వండి, ఫరవాలేదు.

మేకలు రాలేదు. మునెమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని పల్లె వదిలింది. ఆమధ్య రేణిగుంటలో రైలు కోసం వెళ్లినప్పుడు కనబడింది. గోడౌను అరుగు మీద చినిగిన గోతాలు కుడుతోంది. జుట్టు తెల్లబడింది. నేను తప్పుకుని పోయేదాన్నే, ఆమే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. టీ తెప్పించింది. డబ్బులు నన్నివ్వనివ్వలేదు.

"ఆ తెల్లామె దండం పెట్టి మోసం జేసె సూడు," అంది. "నువ్వేం జేస్తావులే. నువ్వు సెప్పినావు. నా కూతురికి గూడా ఎప్పుడూ అంటా ఉంటా, సదువుకున్నోళ్లలో నా మాటను నా మాటగా సెప్పింది ఆ అమ్మణ్ణి ఒక్కతే అని."

అప్పుడైనా చెప్పవచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి. తెలుగులోనే చెప్పవచ్చు, మధ్యలో దుబాసీ కూడా అక్కర్లేదు. నేనేం చేశాను? టీ తాగాను. చక్కెర ఎక్కువైందని అన్నాను కూడా.

ఎక్కడో చల్లని దేశంలో ఒకావిడ, మునెమ్మ దృష్టిలో, ఇంకా మోసగత్తెగానే ఉంది. ఆ నింద నాది. ఈ కాగితం మునెమ్మ చదవదు, ఆమెకు చదువు రాదు. అది తెలిసే ఇంత ధైర్యంగా రాస్తున్నానని మీరు అనవచ్చు. అనండి, నేను ఎదురు చెప్పను. వాదనలో ఓడిపోయానని నేను ఒప్పుకోవడం ఇదే మొదటిసారి కాబోలు. విచిత్రం, ఒళ్లు తేలిగ్గానే ఉంది.

ఆరోజు నేను చేరవెయ్యవలసిన మాటలు ఇవి. ఈ ఆవు మునెమ్మది కాదు. మునెమ్మ ఆవు చచ్చిపోయింది. ఈ ఎండలకు ఇక్కడ సీమావులు బతకవు. ఆమెకు మేకలు కావాలి. ఇంకేమీ అడగదు.