దిగినోళ్లందరు ఎక్కిండ్రా?

మా బావ పోయాడు. పొద్దున్నే దవాఖాన నుంచి అక్క ఫోన్ చేసి, "ఇగ నీతోని కొట్లాడెటోడు లేడే" అన్నది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు రోజు గొడవ ఇంకా తేలనే లేదు. మధ్యలో వదిలేసి పోవడం ఏమిటి?

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అలా చెప్పేవాళ్లు గోదావరిఖనిలో వారం నుంచి పుట్టుకొస్తూనే ఉన్నారు. ఆయన బతికున్నప్పుడు "ముసలోడు మళ్ల షురూ జేసిండు" అని ఫోన్ పెట్టేసిన, మా షాపుకు ఆల్బమ్ పనులిచ్చే ఫొటో స్టూడియోల వాళ్లే ఇప్పుడు "ఎంత జాగ్రత్త మనిషో!" అంటున్నారు. అననీ. పక్క కుర్చీలో కూర్చుని ఆయన తోడింది నా ప్రాణం. నేను ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆయన బొగ్గు బాయిలో లాంపు రూము మనిషి. దిగే ప్రతి కార్మికుడి దగ్గరా ఇత్తడి టోకెన్ తీసుకుని, హుక్కుకు తగిలించి, తలదీపం ఇచ్చేవాడు. షిఫ్టు అయ్యాక దీపం తీసుకుని టోకెన్ తిరిగిచ్చేవాడు. హుక్కుకు ఒక్క టోకెన్ మిగిలినా మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. సర్వీసు చివర్లో మోకాళ్లు పోయాయని ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. అక్కడ ఫైళ్లు పంపడం నేర్చుకున్నాడు. రిటైరయ్యాక వచ్చి నా ఫ్లెక్సీ షాపు మీద పడ్డాడు. ఎవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు. పొద్దున వస్తూనే, బాయి నుంచి అడిగి తెచ్చుకున్న తన పాత టోకెన్‌ని నా మానిటర్ పైన మేకుకు తగిలించేవాడు. ఇంటికి పోయేటప్పుడు తీసి జేబులో వేసుకునేవాడు. నా షాపు ఆయనకు ఇంకో బాయి.

ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు ఇక్కడ తయారుచేసి, అచ్చుకు కరీంనగర్ ప్రెస్సుకు పంపుతాం. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ క్లయింట్ తెరిస్తే ఎడమపక్క మన ఫైళ్లు, కుడిపక్క ప్రెస్సు సర్వర్‌లోవి. ఇటువి అటు లాగితే చాలు, పోతాయి. ఆయన రాకముందు హాయిగా అలాగే లాగేదాన్ని. వచ్చీరాగానే ప్రెస్సు వాళ్లతో కొట్లాడి, మామూలు ఎఫ్‌టీపీ తీయించి, అన్నీ తాళం వేసి పంపే ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టించాడు.

"మామూలు దాంట్ల పాస్‌వర్డు బట్టల్లేకుండ బజార్ల పోతది పొల్లా."

అంతటితో ఆగాడా? కొత్తగా కలిసేటప్పుడు ప్రెస్సు సర్వర్ తన వేలిముద్ర చూపిస్తుంది. వేలిముద్ర అంటే అక్షరాలూ అంకెలూ కలగలిసిన పొడుగాటి వరుస. లోకమంతా దాన్ని చదవకుండా 'ఎస్' కొట్టేస్తుంది. ఈయన మాత్రం ప్రెస్సుకు ఫోన్ చేసి, వాళ్ల దగ్గరున్న వరుసను ఒక్కొక్క అక్షరం చదివించి, తెర మీద వేలు పెట్టి సరిచూసేవాడు.

"మొఖం జూసి దీపం ఇయ్యం. టోకెన్ జూసి ఇస్తం. మా అయ్య వచ్చినా గంతే."

"ఫ్లెక్సీ ఎవడు దొంగతనం జేస్తడు బావా?"

"ఫ్లెక్సీ గాదే. పెండ్లి ఫొటోలల్ల మంది ఆడపిల్లలున్నరు. ఎవని చేతుల పడ్తయో నీకెర్కనా?"

ఆయన మాటా నిజమే. అలాగని ఒప్పుకోనూ లేదు.

పంపాక ఇంకో నస. అన్ని ఫైళ్లూ చేరాయా, రెండు పక్కలా సైజులు ఒక్కటేనా చూడాలి. "దిగినోళ్లందరు ఎక్కిండ్రా?" అని, బాయి మీద షిఫ్టు అయ్యాక అరిచినట్టే అరిచేవాడు, పక్కనే కూర్చుని. "ఎక్కిండ్రు బావా, నా పానం దియ్యకు" అని నేను అరవాలి. అరిచేదాకా చాయ్ తాగడు, నన్ను తాగనివ్వడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా అమ్మ పోయిన రోజు సంగతి నవ్వుతూ చెప్పలేను. మా దగ్గర శవం ఇల్లు కదలకముందే చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేవాలి. మందమర్రి, గోలేటి నుంచి వచ్చే చుట్టాలు దాన్ని చూసే మా సందులోకి తిరుగుతారు. పోయిన మనిషికి అది చివరి మర్యాద కూడా. ఊళ్లో సగం మందికి చేసిన చేయి, మా అమ్మకు చేయదా? చర్చి మెట్ల మీద నవ్వుతున్న ఫొటో పెట్టి చేశాను. పంపబోతే హెచ్చరిక వచ్చింది: సర్వర్ వేలిముద్ర మారింది. ప్రెస్సు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. నేను 'ఎస్' కొట్టబోయాను. ఆయన నెట్ వైరు పీకి చేతిలో పట్టుకున్నాడు.

"మా అమ్మ బావా!"

"నాకు అత్త గాదా? టోకెన్ మారింది. దింపేది లేదు."

తీరా వాళ్లు ఫోన్ ఎత్తాక తెలిసింది, సర్వర్‌కి కొత్త కంప్యూటర్ పెట్టారట. అంతే. దొంగా లేడు, దొరా లేడు! ఫ్లెక్సీ కరీంనగర్ బస్సు దిగేసరికి మేం సమాధి తోట నుంచి తిరిగి వస్తున్నాం. దాన్ని ఆయనే మోసుకుపోయి, అందరూ చూస్తుండగా ఒక్కడే చౌరస్తాలో కట్టాడట. నేను చూడటానికి పోలేదు.

ఆ తరువాత ఏడాదిపాటు ఆయనతో నేరుగా మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చుని అక్కకు ఫోన్ చేసి, "నీ మొగనికి చెప్పు, వైరు ముట్టద్దని" అనేదాన్ని. ఆయనా అదే ఫోన్‌లోకి, "నీ చెల్లెకు చెప్పు, ఎక్కిండ్రో లేదో జూడమని" అనేవాడు. అక్క ఇద్దరినీ కలిపి తిట్టేది.

పోయిన వారం కూడా పాస్‌వర్డు మార్చమని గొడవపడుతూనే ఛాతీ పట్టుకున్నాడు. ఆటోలో వేసుకుని పోయాం. మర్నాడు పొద్దున్నే పోయాడు, ఆ మధ్యాహ్నమే శవాన్ని ఎత్తాలన్నారు పాస్టరుగారు. ఆయన ఫ్లెక్సీ చేయడానికి నేనే కూర్చున్నాను. పంపబోతే మళ్లీ అదే హెచ్చరిక. వేలిముద్ర మారింది.

"ఎస్ కొట్టక్కా, జల్ది! శవం లేస్తది" అన్నారు వెనక నిలబడ్డ స్టూడియో వాళ్లు.

వైరు పీకేవాడు లేడు. కొట్టేయొచ్చు. చెయ్యి పోలేదు, పాడు చెయ్యి! ప్రెస్సుకు ఫోన్ చేశాను.

"సర్వర్ మార్చినం అక్కా, మనదే. కొట్టుర్రి."

"వేలిముద్ర సదువు."

"ముసలాయన పోయిండు గదక్కా, ఇంకా గిదేంది?"

"పోయిండు గాబట్టే నేను అడుగుతున్న. సదువు!"

చదివాడు. మధ్యలో తప్పి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. అన్నీ కలిశాయి. ఈసారీ ఏమీ లేదు. ఈసారీ ఫ్లెక్సీ సమాధి అయ్యాకే వచ్చింది.

"నువ్వు గూడ గట్లనే జేస్తివా?" అన్నది అక్క.

"టోకెన్ మారిందే అక్కా."

కొట్టబోయి, నన్నే పట్టుకుని ఏడ్చింది. చౌరస్తాలో ఆ ఫ్లెక్సీ నేనే కట్టాను.

మా అమ్మ విషయంలో ఆయన్ని క్షమించలేదు. క్షమించను. నిన్న షాపు తెరిచి ఒక పెళ్లి ఆల్బమ్ పంపాను. రెండు పక్కలా సైజులు సరిచూశాను. పక్క కుర్చీ నుంచి కేక రాలేదు. "ఎక్కిండ్రు బావా" అన్నాను, అడగకుండానే. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆటో ఎక్కించిన హడావుడిలో ఆయన టోకెన్ మేకుకే ఉండిపోయింది. ఇంట్లో పెట్టుకుంటానని అక్క అడిగింది. నేను ఇవ్వలేదు. దాన్ని తీసుకోవాల్సింది ఆయన. అది ఇంకా మేకుకే వేలాడుతోంది.