దసరా బొట్టు పెట్టించుకున్న కంప్యూటరు

నా చేత్తో నేనే కంప్యూటరు గొంతు నొక్కేసి, ఆ తరవాత పూటంతా దానికి వైద్యం చేసిన ఘనుణ్ణి నేను. చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను. చేసిన పని అలాంటిది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురం బస్టాండు దగ్గర నాకో ఇంటర్నెట్ సెంటరు ఉండేది. సెంటరంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక కంప్యూటరు, దానికో కెమెరా, ఎదురుగా నేను. కంప్యూటరు కోర్సు చేసొచ్చానన్న పొగరు మాత్రం ఆ గదిలో పట్టేది కాదు. గల్ఫులో ఉన్నవాళ్ళు శుక్రవారం సెలవు పూట అక్కడ కెమెరా ముందు కూర్చుంటే, ఇక్కడ వాళ్ళ ఇంట్లోవాళ్ళు నా దగ్గర కూర్చునేవారు.

ఆ ఏడు దసరా గురువారం వచ్చింది. ఆ రోజు కొడవలి నుంచి కుట్టుమిషను దాకా పనిముట్లన్నిటికీ బొట్టు పెట్టాల్సిందే కదా! నేనూ తలస్నానం చేసి, చిక్కగా గంధం తీసి, మానిటరుకో బొట్టు, కీబోర్డుకో బొట్టు, పాపం చిన్నబుచ్చుకుంటుందని మౌసుకీ ఒకటి పెట్టాను. ఇక సీపీయూ డబ్బా. దాని ముఖాన, పెద్ద స్విచ్చి కింద, గుండ్రంగా, కాస్త లోపలికి ఒక చిన్న మీట ఉంది. బొట్టు కోసమే చేశారేమో అనిపించింది. బొటనవేలితో గంధం దట్టంగా కూరి, పైన కుంకుమ అద్ది, భక్తి కొద్దీ గట్టిగా నొక్కాను.

మర్నాడు పొద్దున్నే కాట్రేనికోన నుంచి సత్యవతి వచ్చింది. చంకలో నెలల బాబు, వెనకాల అత్తగారు మంగమ్మగారు. సత్యవతి భర్త శ్రీను మస్కట్‌లో పనిచేస్తున్నాడు. బాబు పుట్టకముందే వెళ్ళాడు, ఇంతవరకూ బిడ్డ ముఖం చూడలేదు. మర్నాటి నుంచి అతణ్ణి ఎడారిలో ఎక్కడో కొత్త పనికి పంపుతున్నారు, అక్కడ ఫోను కూడా ఉండదట. ఆ పూట చూడకపోతే మళ్ళీ ఎప్పుడు చూస్తాడో ఎవరికీ తెలియదు.

"కూచోండమ్మా, క్షణంలో చూపించేస్తాను" అని దర్జాగా స్విచ్చి నొక్కాను. లైటు వెలిగింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"కనపడతారాండీ?" అంది సత్యవతి.

"ముందు వేడెక్కాలమ్మా."

కాసేపాగి మంగమ్మగారు డబ్బా మీద చెయ్యి వేసి చూశారు. "వేడెక్కిందండి బాబూ. ఇంకా ఎక్కాలేటండీ?"

అక్కణ్ణించి మొదలైంది నా వీరంగం. స్క్రూలన్నీ విప్పాను. మెమరీ ముక్క పీకి, రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. వైర్లన్నీ ఊడదీసి తగిలించాను. డబ్బాని పక్కకి పడుకోబెట్టి విసనకర్రతో విసిరాను. ఇంత చేస్తూ కూడా నా జాగ్రత్త చూడండి, ముఖాన ఉన్న బొట్టు మీద మాత్రం చెయ్యి పడనివ్వలేదు. పండగ బొట్టు చెరిగితే అరిష్టం కదా!

ఇంతలో ఫోను మోగింది. శ్రీను.

"ఏవండీ, మావాళ్ళు వచ్చేరాండీ?"

"ఆయ్, వచ్చేరండి. ఇదిగో, కలిపేస్తున్నానండి."

"కాస్త తొందరగా చూడండి బాబూ. నమాజు వేళకి ఇక్కడ షాపు మూసేస్తారు. ఆపైన నాకోసం బండొచ్చేస్తాదండి."

సత్యవతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాబుకి కొత్త చొక్కా తొడిగి, కాటుక దిద్ది, బుగ్గన దిష్టిచుక్క పెట్టి మరీ తెచ్చింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మెకానిక్ ఎవరూ లేరాండీ?" అన్నారు మంగమ్మగారు.

"నేనేనండి మెకానిక్‌ని."

"అయ్యో!" అన్నారావిడ. ఆ అయ్యో ఎవరి కోసమో నేను అడగలేదు.

చివరికి డబ్బా బిగించి, స్విచ్చి వేసి, దాని ముందు కూలబడ్డాను. తెర నల్లగానే ఉంది. మంగమ్మగారికి నన్ను చూసి జాలేసినట్టుంది.

"ఊరుకోండి బాబూ. చూడండి, నిన్నటి బొట్టు ఎండి ఎలా అయిపోయిందో! మనవణ్ణి తండ్రి చూసే వేళండి. ముఖం కడిగి కొత్త బొట్టు పెడితే అదే పలుకుతాది."

"వద్దండీ, కరెంటండీ..." అనేలోపే కొంగు తడిపి రుద్దేశారు. గంధం పెచ్చు ఊడి కిందపడింది. లోపల ఇరుక్కున్న మీట టిక్కున పైకొచ్చింది. కంప్యూటరు 'బీప్' అంది. తెర వెలిగింది!

నాకూ అప్పుడే వెలిగింది. అది రీసెట్ మీట. దాన్ని నొక్కిపట్టి ఉంచినంతసేపూ కంప్యూటరు లేవదు. కోర్సులో చెప్పారు కూడా. నా గంధం రాత్రంతా దాన్ని నొక్కిపట్టే ఉంచిందన్నమాట.

మంగమ్మగారు ఆగితేనా! కుంకుమ తడిపి, బొటనవేలు మళ్ళీ సరిగ్గా అక్కడికే తీసుకెళ్తున్నారు.

"అమ్మా, వద్దు!" అని డబ్బాకి అడ్డంపడిపోయాను.

"మరి బొట్టెవరికి పెట్టనండీ?"

"నాకు పెట్టెయ్యండి!"

నుదుటి నిండా పెట్టేశారు. మస్కట్ కలిసింది. కెమెరా సరిచేద్దామని నేను దాని ముందుకి వంగాను. అవతల శ్రీను తెరకి దగ్గరగా వచ్చి, కాసేపు నిదానించి చూసి, బిత్తరపోయి అన్నాడు:

"సత్యా, నేనొచ్చి ఎన్నేళ్ళయిపోయిందే? బాబుకి మీసాలొచ్చేసేయి!"

నేను పక్కకి దూకాను. సత్యవతి పగలబడి నవ్వుతూనే ఏడుస్తూ బాబుని ఎత్తి చూపించింది. అవతల శ్రీను తెర మీద బిడ్డ బుగ్గ ఉన్నచోట చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. షాపు మూసేదాకా చెయ్యి తియ్యలేదు.

ఆ తరవాత జరిగిందంతా మంగమ్మగారికి చెప్పి తప్పు ఒప్పుకోబోయాను. ఆవిడ వింటేనా! "ఆ బాబు చెమటలు కక్కుకుని మా మనవణ్ణి వాళ్ళ నాన్నకి చూపించేడండి" అని కాట్రేనికోన అంతా చెప్పేశారు. ఆ మాట పట్టుకుని వచ్చిన జనంతోనే నా సెంటరు నిలబడింది. ఆ చల్లని తల్లిని తలుచుకోని దసరా నాకు లేదు.

అంచేత అమ్మవారి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ ఏ యంత్రానికీ మీట మీద బొట్టు పెట్టను. కొడుకుని చూడాలని కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న ఏ తండ్రికీ ముందుగా నా ముఖం చూపించను.