టవరు పక్కన వరికుచ్చు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పక్కింటి డాబా మీద సెల్ టవరు లేచినప్పుడు నాకు లోలోపల చాలా సంతోషమేసింది. అంతకుముందు మా వీధిలో సిగ్నలు అంతంతమాత్రం. ఒక పుస్తకం దిగాలంటే నీళ్ల ట్యాంకు పక్కన ఫోను పట్టుకుని నిలబడాలి. టవరు వచ్చాక మంచం మీద పడుకునే ఎన్నయినా దింపుకోవచ్చు. నలుగురిలో నోరు విప్పలేని నాకు అది పండగే. కానీ ఆ మాట ఇంట్లో ఎలా అనగలను? ఆ టవరు మూలంగానే మా నాన్నమ్మ పక్కింటి పెద్దమ్మతో మాటలు మానేసింది.

వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు. అయినా ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. ఒకరింట్లో కూర దింపితే రెండో ఇంటికి గిన్నె వెళ్లాల్సిందే. టవరు వచ్చిన తర్వాతి చలికాలంలో అది చెడింది.

మా ఇంట్లో వరికోతలయ్యాక కొత్త కంకులతో కుచ్చు అల్లి, వసారాలో పిచ్చుకల కోసం వేలాడదీస్తారు. పిచ్చుకలు తిన్నాకే మనం కొత్తబియ్యం వండుకోవాలని నాన్నమ్మ పట్టుదల. ఆ ఏడు కుచ్చు కట్టాం. ఒక్క గింజా తరగలేదు. పిచ్చుక అన్నది కంటికి కనబడలేదు. నాన్నమ్మ రోజూ కుచ్చు కింద నేల చూసేది, పొట్టు రాలిందేమోనని. చివరికి ఒకరోజు ప్రహరీ దగ్గరకెళ్లి నిలబడింది.

"మీ ఇనప తాడిచెట్టు మా పిచ్చికల్ని మింగేసింది వొదినా!"

అవతల బట్టలారేస్తున్న పెద్దమ్మ ఊరుకోలేదు. "నీ కూతురు గాజువాక నుంచి నీతో మాటాడతంది గదా, ఆ మాటలు దేన్లోంచి వస్తన్నాయేటి? మరి ఫోను కూడా ఒగ్గీ!"

"ఒగ్గెత్తాను! పిచ్చికలొస్తే ఒగ్గెత్తాను!" ఫోను వదిలేయడానికైనా నాన్నమ్మ సిద్ధమే.

అంతే. ఆ తర్వాత గిన్నెలు తిరగలేదు. నాన్నమ్మ సాయంత్రాలు గోడ వైపు వీపు పెట్టి కూర్చునేది. అన్నం సగంలో లేచిపోయేది. పిచ్చుకలు పోయినందుకా, వదిన పోయినందుకా అని నాకు సందేహం.

టవరు నిజంగా తప్పు చేసిందా? నాకది తెలుసుకోవాలనిపించింది. టవరు తప్పు లేదని తేలితే బాగుండునని నాకొక స్వార్థం ఉందని కూడా తెలుసు. అందుకే జాగ్రత్తగా చదివాను, ఆ టవరు ఇచ్చిన సిగ్నలుతోనే. రేడియేషన్ వల్లే పిచ్చుకలు పోతున్నాయని కొందరు రాశారు. అలా అని ఇంకా తేలలేదని కొందరు. గూడు పెట్టుకునే సందులు లేవు, పిల్లలకు పెట్టడానికి పురుగులు లేవు, మందులు చల్లేస్తున్నాం అని మరికొందరు. ఎంత చదివినా మా వసారాలో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు.

చోడవరం బజారులో కిరాణాకొట్టు షట్టరు పైనున్న పెట్టెలోకి పిచ్చుకలు దూరడం ఒకరోజు చూశాను. గడ్డిపోచలు బయటికి వేలాడుతున్నాయి. తలెత్తితే ఎదురు మేడ మీద టవరు, మా వీధి దానికన్నా పెద్దది. నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు కొట్టతను.

సిగ్గుతో అక్కర్లేని జీలకర్ర కొనుక్కుని వచ్చేశాను. ఆ పిచ్చుకలు టవరును ఓర్చుకుంటున్నాయో, లోలోపల ఏదైనా అవుతోందో నాకెలా తెలుస్తుంది? కానీ మా ఇంటికి వచ్చి వసారా చూస్తే ఇంకో సంగతి తట్టింది. టవరు లేచిన ఏడే మేం పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశాం. పెంకుల కిందే కదా వాటి గూళ్లుండేవి. ఇప్పుడు గోడలు నున్నగా ఉన్నాయి, వేలు దూరే సందు లేదు.

మరి గింజలెందుకు ముట్టలేదు? గూడు లేకపోతే తిండికైనా రావచ్చు కదా. కుర్చీ వేసుకుని కుచ్చు దగ్గరగా చూశాను. గింజలు మెరుస్తున్నాయి. ఒకటి తెంపి నోట్లో వేసుకుని కొరికాను. చేదు. కొత్త తలుపు వాసన.

నాన్నని అడిగాను, ఇది మన చేలోదేనా అని.

"మన చేలోది ఎక్కడిదే? మిషను కోసేసింది గదా, కంకి మిగిల్తేనా. మీ నాన్నమ్మ గోల పడలేక వడ్డాది బజారులో కొన్నాను. ఏడాదైనా పురుగు పట్టదన్నాడు అమ్మినోడు."

పురుగు పట్టకుండా వార్నిషు పూశారు. పురుగు ముట్టనిది పిచ్చుక ముడుతుందా! నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. నాన్నమ్మకు చెప్పాను. తనూ ఒక గింజ కొరికి ఉమ్మేసింది. "కొత్త ధాన్యమని పిట్టలకి రంగు పెట్టేనేటే!" అంది. టవరు ఊసు మాత్రం ఎత్తలేదు.

తర్వాతి కోతలకు నేనూ చేలోకి వెళ్లాను. మిషను మడి మూలల్లో తిరగలేదు, ఆ కాస్త కొడవలితో కోస్తారు. ఆ మూలల కంకులు ఒళ్లో పోసుకుని తెచ్చాను. నాన్నమ్మ నీళ్లు చిలకరించి, గడ్డి విరగకుండా అల్లింది. అల్లిక ఎక్కడా వదులు కాలేదు.

ముందు ఉడత వచ్చింది. నాన్నమ్మ అదిలించబోయి ఆగింది. కొన్నాళ్లకు ఒక పొద్దున, మెడకింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక ఒకటి టవరు అడ్డకమ్మి మీద వాలింది. అటూ ఇటూ చూసింది. గోడ దాటి వచ్చి కుచ్చును పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ గింజ ఒలిచింది. పొట్టు నాన్నమ్మ చీర మీద రాలింది. ఆమె కదల్లేదు.

ఒక్క పిచ్చుకతో ఏదీ తేలదు. టవరు మంచిదని ఇప్పటికీ అనలేను. ఇదివరకటి గుంపు మళ్లీ వస్తుందో లేదో కూడా తెలియదు. కానీ ఆ మధ్యాహ్నం నాన్నమ్మ మిగిలిన కంకులతో రెండో కుచ్చు అల్లి నా చేతిలో పెట్టి, ప్రహరీ అవతలికి చూపించింది.

"ఆలింటికాడ ఇచ్చేసి రా. నానేటీ సెప్పలేదను."

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, కుచ్చును రెండు చేతులతో అందుకుంది. గింజలను బుగ్గకు ఆనించుకుని వాసన చూసింది. తర్వాత తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"నీ చేత పంపిస్తే నాను కట్టను. తనొచ్చి కట్టమను. టీ పెడతన్నానని సెప్పు, బేగి ఎల్లు."