పెద్ద థ్రాటిల్, పాత ఇంజను, మా బావగారు

మా బావగారు భాస్కరరావుగారు ఇక లేరన్న వార్త పోయిన వారం ఒక ఉదయం మా అక్క వరలక్ష్మి ఫోనులో చెప్పింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, పేపరు తిరగేస్తూ అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయారట. "అదెలాగే, నిన్న సాయంత్రం నాతో అంతసేపు దెబ్బలాడారు కదా" అన్నాను. ఆయనతో వాదించి వాదించి అలవాటైన నోరు మృత్యువార్తతో కూడా వాదనకు దిగింది. "నిజమేరా తమ్ముడూ" అంది అక్క. పాలకొల్లు నుంచి భీమవరం దాకా కారు ఎలా నడిపానో నాకు తెలియదు. ఆ దిగ్భ్రాంతి నుంచి ఇంకా తేరుకోలేదు. అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది విలపించడానికి కాదు. ఆయనది జయప్రదమైన జీవితం. దాన్ని సగర్వంగా చాటే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ విజయాల్లో సగం ఆయన నా మీదే సాధించారు.

భీమవరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగం అధ్యాపకులుగా ఆయన ఉద్యోగజీవితమంతా గడిచింది. యంత్రశాస్త్రంలో అపార పాండిత్యం, దానికి మించిన వినయం ఆయన సొత్తని సంతాపసభలో ఎవరో అన్నారు. పాండిత్యం మాట నిజం. వినయం సంగతి బావమరిదిగా నేను ఒప్పుకోను. తనకు తెలిసిన విషయం తెలుసని ఊరంతా వినపడేలా చెప్పేవారు. అయితే విద్యార్థులను సైతం "ఏవండీ" అని పిలిచేవారు. "ఇంజను అబద్ధం చెప్పదండి. మనమే దాని మాట పూర్తిగా వినకుండా లేచిపోతాం" అన్నది ఆయన నోట తరచు వినిపించే వాక్యం.

నాకు పాలకొల్లులో రైసు మిల్లు ఉంది. ఒకసారి నా కారు లాగడం మానేసింది. ఇంజను ముసలిదైపోయింది, మార్పించేస్తానని బావగారితో అన్నాను. ఆయన బానెట్ ఎత్తి, గాలి ఫిల్టరు బయటికి తీసి, పేపరు పరిచి దాని మీద తట్టారు. మిల్లు ఆవరణలో ఏళ్ల తరబడి పీల్చుకున్న దుమ్మంతా కుప్పగా రాలింది. "బామ్మర్దీ, నీ కారు తవుడు తింటోంది. పొద్దున్నే పాలు పితికి చూసుకో" అన్నారు. ఫిల్టరు మార్చాక కారు మామూలుగానే నడిచింది. ఆ మాట మాత్రం మా బంధువర్గంలో ప్రతి పెళ్లిలోనూ వినిపిస్తూనే ఉంది.

ఇక ఆయన పేరు చెబితే ఈ ప్రాంతంలో అందరికీ గుర్తొచ్చే ఘట్టం చెబుతాను. సుబ్బరాజుగారని ఆయన పూర్వ విద్యార్థి ఒకరు, ఇప్పుడు రొయ్యల చెరువులు చేస్తున్నారు. ఆయనకొక పాత పెట్రోలు కారుంది. ఇంజనులో ఏమీ మార్చలేదు, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. దానికి పెద్ద థ్రాటిల్ బాడీ తెప్పించి బిగించారు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజనులోకి గాలి వెళ్లేందుకు తెరుచుకునే తలుపు అది. తలుపు పెద్దదైతే గాలి ఎక్కువ, గాలి ఎక్కువైతే బలం ఎక్కువ అని రాజుగారి లెక్క. చెరువుల మీద బతికేవారికి ఈ లెక్క సహజం. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు పెంచితే రొయ్య కోలుకోవడం రోజూ కళ్లారా చూస్తారు కదా.

"మాస్టారండీ, ఆయ్, కాలు ఆనిస్తే చాలు, ఎగిరిపోతోందండి" అన్నారాయన, బావగారి వరండాలో నలుగురి ముందు.

"రాజుగారూ, ఏరేటర్లు పెంచి మేత వెయ్యకపోతే రొయ్య పెరుగుతుందాండి? తలుపు పెద్దది పెట్టారు, బాగుంది. దాని వెనకున్న దారి పాతదే, వాల్వులు పాతవే, పొగ బయటికెళ్లే గొట్టం పాతదే. ఆ ఇంజను పీల్చేంత గాలి పాత తలుపులోంచే వెళ్లేదండి" అన్నారు బావగారు.

అక్కడున్న వారిలో ఒకాయన, "మాస్టారు పాత కార్బురేటర్ల కాలం మనిషి లెండి" అని నవ్వేశారు. బావగారి ముఖం వివర్ణమైంది. "సరే. రాజుగారి కారుకు బలం పెరిగిందని తేలితే, ఇకమీదట ఇంజను గురించి ఎవరికీ ఒక్క మాట చెప్పను" అనేశారు. అందరూ వేళాకోళం అనుకున్నారు. నేను మాత్రం అనుకోలేదు. రిటైరయ్యాక ఆయన ప్రాణమంతా ఆ వరండాలోనే ఉంది. కారు ఆపి "మాస్టారూ, ఈ చప్పుడేంటండి" అని అడిగే జనమే ఆయనకు ఆహారం. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కారని మా ఇంట్లో అందరికీ తెలుసు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క, "ఓడిపోతే ఆ మాటలన్నీ నాతో చెబుతారు. నేనెలా బతకాలిరా" అంది. నవ్వుతూనే అంది గాని, మజ్జిగ వడ్డించడం మరిచిపోయింది.

ఆదివారం తెల్లవారగానే చెరువు గట్టు పక్కన, కాలువ వెంబడి తిన్నగా ఉన్న రోడ్డు మీద పరీక్ష. బావగారు మేత షెడ్డుకు పరదా కట్టించి, లోపల ఒక్కరే థ్రాటిల్ మార్చేవారు. ఏది బిగించారో నడిపే రాజుగారికీ, స్టాప్‌వాచీ పట్టుకున్న నాకూ చెప్పలేదు. కారును బయలుదేరే గీత దాకా తనే నడిపి తెచ్చేవారు. రాజుగారు ఎక్కి, కాలు అడుగంటా తొక్కి, తూము దాకా పోనివ్వాలి. కాలువ మీది గాలి సాయం చేస్తుందేమోనని ఎదురు దిశలోనూ నడిపించారు. ఊరికే ఎక్కి కూర్చుందామని నేను వెనక తలుపు తీస్తే, "దిగు బామ్మర్దీ. ఆ బరువుకి ఏ థ్రాటిలూ చాలదు" అన్నారు.

రాజుగారు మొదటి విడత దిగి, "ఇది పాతదండి, నీరసంగా ఉంది" అన్నారు. మార్చిన తరవాత నడిపి దిగి, "ఇదండీ పెద్దది" అని తొడ చరిచారు. నేను స్టాప్‌వాచీ చూపించాను. రెంటికీ తేడా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అప్పుడు బావగారు బానెట్ ఎత్తారు. అప్పటికి కారుకున్నది పాత థ్రాటిలే. నీరసంగా ఉందన్నదే పెద్దది. గట్టు మీదున్న వాళ్లంతా ఒక్కసారిగా గొల్లున నవ్వారు. రాజుగారి తల వాలిపోయింది.

అంతటి విజయం దక్కితే నేనైతే మూడు తరాలు చెప్పుకునేవాణ్ణి. బావగారు చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నారు. "రాజుగారు అబద్ధం చెప్పలేదండి. పెద్ద తలుపు కదా, కాలు కాస్త ఆనించగానే పాతదానికంటే ఎక్కువ గాలి వదులుతుంది. అందుకే కారు ముందుకు దూకినట్టు ఉంటుంది. ఆయన కాలికి తెలిసింది నిజమే. దానికి బలమని పేరు పెట్టడమే పొరపాటు. పూర్తిగా తొక్కాక రెండూ ఒకటే. రేపు ఈ ఇంజనుకి వాల్వులు తెరిచే క్యామ్ మార్చి, పొగ దారి పెంచి, మేత, అదే పెట్రోలు, కూడా పెంచితే, అప్పుడు ఈ పెద్ద తలుపే కావాలి" అన్నారు. తరవాత రాజుగారి వైపు తిరిగి, "ఏది ఉంచమంటారండి" అని అడిగారు.

రాజుగారు సిగ్గుపడుతూ, "బలం లేదని తెలిసిందండి. సరదాగా మాత్రం ఉంది మాస్టారూ" అన్నారు. బావగారు పకపకా నవ్వి, పెద్ద థ్రాటిల్‌ను తన చేతులతోనే తిరిగి బిగించారు. మర్నాటి నుంచి వరండాలో కుర్చీలు చాలలేదు. కార్బురేటర్ల కాలమన్న పెద్దమనిషి కూడా తన కారు తీసుకొచ్చి వరసలో కూర్చున్నారు. అక్క కాఫీలు కాచి కాచి విసుక్కుంది. ఆ విసుగంత ఆనందం నేను ఆ ఇంట్లో మరెప్పుడూ చూడలేదు.

అంత్యక్రియల నాడు శ్మశానం దగ్గర సుబ్బరాజుగారు నా పక్కనే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "ఆ రోజు ఆయన గెలిచారు గాని, నన్ను ఓడిపోనివ్వలేదండి" అన్నారు.

ఆ మహనీయుడి స్మృతికి వేరే బిరుదు అక్కర్లేదు. సత్యాన్ని నిగ్గు తేల్చగలవారు ఈ గోదావరి సీమలో ఇంకా ఉన్నారు. తేల్చాక ఎదుటి మనిషిని నవ్వుతూ ఇంటికి పంపగలవారిని నేను ఒక్కరినే ఎరుగుదును. బావగారూ, జీవితమంతా మీతో తలపడి ఒక్కసారీ నెగ్గలేదు. ఈ రోజు ఎంత తప్పు మాట్లాడినా కాదనేవారు లేరు. ఈ గెలుపు నాకొద్దు.