మామగారి మిరియాల చుక్కలు

పోయిన నెల ఒక శనివారం పొద్దున మా మామగారు పోయారు. కాఫీ తాగి, "ఇంకో అరగ్లాసు ఉంటే పట్రామ్మా" అన్నారు. నేను పట్టుకొచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేసి ఉన్నారు. ఆస్పత్రి మంచమూ గొట్టాలూ లేకుండా పోవాలని ఎప్పుడూ అనేవారు, అలాగే పోయారు. ఏడ్చాను. ఏడుపు అయ్యాక లోపల తేలికగా అనిపించింది. కోడలికి ఇదేం బుద్ధి అని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే వేసుకోనివ్వండి. నా గురించి ఆయనకి తెలియనిదంటూ ఏమీ మిగల్లేదు, ఆ నిశ్చింత అది.

మేముండేది నార్త్ కరోలినాలో, క్యారీలో. అత్తగారు పోయాక, రిసెషన్ ఏడాదిలో ఆయన మా దగ్గరికి వచ్చేశారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు, హోమియోపతి పిచ్చి. సూట్‌కేసులో బట్టల కంటే చిన్న సీసాలే ఎక్కువ. వచ్చిన రోజే మావారితో తేల్చి చెప్పారు: "తాగుడు వాసనొచ్చే ఇంట్లో నేనుండలేనురా. అలాంటిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు, ఇర్వింగ్‌లో నీ చెల్లాయి దగ్గరికి పోతాను." ఆయన సొంత తమ్ముణ్ణి తాగుడే మింగేసింది.

మావారు బీరు ముట్టరు. బీరు చేసేది నేను. వారమంతా ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, శనివారాలు గరాజ్‌లో ఈ పని. నేను తాగేది ఒక గ్లాసు, మిగతాది ఆఫీసులో పంచేస్తాను. నా సరదా అంతా దినుసుల్లో ఉంది. మిరియాలో ఏలకులో కచ్చాపచ్చాగా దంచి, చిన్న సీసాలో వోడ్కా పోసి వారం నానబెట్టి వడకడితే టించర్ తయారవుతుంది. బీరు పులిశాక, సీసాల్లోకి పోసే ముందు దాన్ని కలపాలి. ముందే వేసి మరిగిస్తే వాసన ఎగిరిపోతుంది. చారుకి పోపు ఆఖర్న పెట్టినట్టే ఇదీనూ.

"చెప్పేద్దామా?" అంటే మావారు "నీకు దణ్ణం పెడతాను, వద్దు" అన్నారు. మామగారు వెళ్ళిపోవడం నాకూ ఇష్టం లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఆఫీసు నుంచి రాగానే "మధ్యాహ్నం ఏం తిన్నావమ్మా?" అని అడిగే మనిషి నాకు అప్పుడే దొరికారు. అందుకని బీరు పులిసే బకెట్ మీద దుప్పటి కప్పి, గరాజ్ తలుపు దించేసి పని కానిచ్చేదాన్ని. టించర్ సీసాలు మాత్రం వంటింటి అలమరలోనే ఉండిపోయాయి.

అవి ఆయన కంట పడ్డాయి. "మిరియాల టించర్" అని చీటీ అంటించిన చిన్న సీసా. మూత తీస్తే స్పిరిట్ వాసన, అచ్చం ఆయన మందుల వాసన. ఇంకేముంది, మురిసిపోయారు. ఇంట్లో ఒక్కరూ నమ్మని వైద్యాన్ని కోడలు చడీచప్పుడు లేకుండా నేర్చుకుంటోందనుకున్నారు!

ఏప్రిల్‌లో మా ఊళ్ళో పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు కార్ల మీద పడుతుంది. సాయంత్రం ఆయనతో వాకింగ్ చేసే పెద్దవాళ్ళందరికీ దగ్గు. నా సీసా జేబులో వేసుకెళ్ళి, చక్కెర గుళికల మీద చుక్కలు వేసి అందరికీ పంచారు. నాకీ సంగతే తెలియదు.

ఓ శనివారం నేను దుప్పటి తీసి పనిలో ఉండగా, ఇంట్లోంచి గరాజ్‌లోకి ఖాళీ సీసాతో వచ్చారు. "అమ్మాయ్, నీ మిరియాల మందు దివ్యంగా పనిచేస్తోంది. ఇంకాస్త చేసిపెట్టవూ?"

అంటూనే ఆగిపోయారు. బకెట్ చూశారు, వరసగా ఉన్న సీసాలు చూశారు.

"అది వైద్యానికి కాదు మావయ్యగారూ. నేను బీరు చేస్తాను. దీంట్లో వేసేది" అన్నాను.

స్టూల్ లాక్కుని కూర్చున్నారు. చేతిలోని ఖాళీ సీసా మీది చీటీ మళ్ళీ చదివారు. ఇర్వింగ్‌కి టికెట్ బుక్ చెయ్యమంటారనుకున్నాను.

"ఎన్ని చుక్కలేస్తావు?" అన్నారు.

"అందాజుగా... ఒక చెంచా."

"అందాజా! ఆఫీసులో మిల్లీగ్రాములు తూచే పిల్లవి, ఇంటికొచ్చి చెంచాతో గుమ్మరిస్తావా? ఒక చుక్క తక్కువైతే కలుపుకోవచ్చు. ఎక్కువైతే తియ్యగలవా?"

చెంచా పక్కన పెట్టేశాను. ఆయనే గొంతు తగ్గించి, "మా తమ్ముడు ఆస్పత్రిలో పడేదాకా వాడు తాగుతాడని నాకు తెలియదమ్మా. తాగినందుకు కాదు, దాచినందుకే వాడి మీద ఇప్పటికీ కోపం. దాచుకున్నదానికే మత్తెక్కువ. ముందు నువ్వా తలుపెత్తు" అన్నారు.

ఎత్తాను. గుండెల మీద అంత బరువు మోస్తున్నానని అది దిగాకే తెలిసింది.

మర్నాడు వాకింగ్‌లో తనే అందరికీ చెప్పేశారు, అది హోమియో కాదు, మా కోడలు బీరులో వేసేదని. రోజూ పారాయణ చేసుకునే ఓ పెద్దావిడ చెంపలు వేసుకుని, కాసేపు ఆలోచించి, "దగ్గు తగ్గింది కదండీ, ఇంకేమైనా మిగిలిందా?" అన్నారట.

అప్పట్నుంచి చుక్కల పని ఆయనదే. చిన్న గ్లాసుల్లో కాస్త కాస్త బీరు పోయించి, ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క పెంచుతూ వాసన చూసేవారు. ఒక్క గుక్క కూడా తాగి ఎరగరు. రుచి చెప్పడం నా వంతు. "ఏలకులు ముందే పలకరించకూడదమ్మా, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలి" అనేవారు. నేను ఒప్పుకోకపోతే అలిగి డ్రాపర్ జేబులో వేసుకుని లోపలికి పోయేవారు. ఒకసారి నా మాట వినకుండా లవంగం తనే ఎక్కువ వేశారు. బీరంతా పళ్ళ డాక్టరు గది వాసన. "పంటికి మంచిదే" అని తప్పించుకున్నారు.

ఆయన పోయేనాటికి ఒక బీరు పులుస్తూ ఉంది. కర్మలన్నీ అయ్యాయి. నిన్న సాయంత్రం గరాజ్ తలుపెత్తి, ఆయన డ్రాపర్‌తోనే ఏలకుల టించర్ వెయ్యడం మొదలుపెట్టాను. వాకింగ్ వాళ్ళు రోడ్డు మీద ఆగారు. ఆ పెద్దావిడ డ్రైవ్‌వే దాకా వచ్చి, ఖాళీ స్టూల్ వంక కాసేపు చూశారు.

"ఏలకులా అమ్మా?"

"అవునండీ."

"ఒక చుక్క తక్కువే వెయ్యి. ఆయనుంటే అదే అనేవారు."

డ్రాపర్ కొసన వేలాడుతున్న చుక్కని తిరిగి సీసాలోకే వదిలాను. చీకటి పడినా తలుపు దించలేదు.