ఎరుకన్న నేర్పిన స్కీయింగ్

ఆ రోజుల్లో అమెరికాలో కొత్తగా దిగిన తెలుగు కుర్రాడికి పాస్‌పోర్ట్ తర్వాత అంత ముఖ్యమైనవాడు సీనియరే. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చేది సీనియర్, పరుపు ఎక్కడ దొరుకుతుందో చెప్పేది సీనియర్, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో డ్రైవింగ్ నేర్పేది సీనియర్. మనకంటే రెండేళ్ళు ముందు వచ్చాడంటే చాలు, సర్వజ్ఞుడి కింద లెక్క. మేముండే రెడ్‌మండ్ ఊళ్ళో మా సీనియర్‌ది వరంగల్ వైపు. ఏది అడిగినా "నాకెరుకే తమ్మీ" అనేవాడు కాబట్టి మేము ఆయన్ని ఎరుకన్న అని పిలుచుకునేవాళ్ళం (వెనకాలే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవడికీ లేదు).

ఆ చలికాలం నా పరిస్థితి ఏమీ బాగోలేదు. నన్ను తీసుకొచ్చిన కన్సల్టెన్సీవాళ్ళు నెలల తరబడి నానబెట్టి నానబెట్టి చివరికి ఒక ప్రాజెక్టు ఇప్పించారు. సోమవారం జాయినింగ్. అది చేజారితే వీసాకే ఎసరు, ఇక పెట్టె సర్దుకోవడమే. ఇన్సూరెన్స్ కూడా జాయిన్ అయ్యాకే మొదలవుతుంది. అంటే సోమవారం దాకా నా కాళ్ళూ చేతులూ నావే అయినా, వాటిని విరగ్గొట్టుకునే స్వేచ్ఛ మాత్రం నాకు లేదు. బుద్ధున్నవాడెవడైనా ఆ శనివారం దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాడు. "ప్రాజెక్ట్ వచ్చింది గద, స్కీయింగ్ పోదాం పా" అన్నాడు ఎరుకన్న. "నీకు స్కీయింగ్ వచ్చా అన్నా?" అన్నాను. "పోయినేడే పోయొచ్చిన. నేను నేర్పిస్త గద!" అన్నాడు. హాల్లో గోడ మీద ఆయన ఫొటో ఉండనే ఉంది. వెనకాల మంచుకొండ, ముఖానికి నల్లకళ్ళద్దాలు, చేతుల్లో రెండు కర్రలు. ఇంకేం సాక్ష్యం కావాలి?

జీన్స్ ప్యాంట్లు, రెండేసి స్వెట్టర్లు, మంకీ క్యాపులతో బయల్దేరాం. మా రూమ్మేట్ ఒకడు (తిండి మీద తప్ప దేని మీదా నమ్మకం లేని మనిషి) కొండకింద కెఫెటీరియాలో కిటికీ పక్కన పులిహోర డబ్బాతో సెటిల్ అయిపోయి, "మీరు వెళ్ళి రండ్రా, నేను బ్యాగులు చూసుకుంటా" అన్నాడు. మా ముగ్గురిలో తెలివైనవాడు వాడొక్కడేనని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. బయట ఎర్రజాకెట్ వేసుకున్న మాస్టారు ఒకాయన కొత్తవాళ్ళకి పాఠం చెబుతున్నాడు. మనమూ వెళ్దామా అన్నాను. ఎరుకన్న చిన్నబుచ్చుకున్నాడు. "అది చిన్నపోరలకు. నేనుండంగ నీకు క్లాసెందుకు?" అని, అద్దెకి తీసుకున్న స్కీ బద్దలు కాళ్ళకి తగిలించి, నాకు పార్కింగ్‌లో డ్రైవింగ్ నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. "ముందుకు వంగు. మోకాళ్ళు జర మడువు. ముందుకే చూడు." అంతా బాగానే ఉంది. "మరి ఆగాలంటే ఎలా అన్నా?" అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "అది పైన చెప్త" అన్నాడు.

పైకి తీసుకెళ్ళడానికి తీగకు వేలాడే కుర్చీలున్నాయి. అవి ఆగవు, కదులుతుండగానే దిగాలి. ఆ సంగతి మాకు దిగేచోటే తెలిసింది. నేను ఎరుకన్న మీద పడ్డాను, ఎరుకన్న ఆపరేటర్ మీద పడ్డాడు. ఆ కుర్చీల లిఫ్ట్ మొత్తం ఆపేశారు. కిందదాకా కుర్చీల్లో వేలాడుతున్న జనమంతా మావైపే చూస్తున్నారు. పాక్కుంటూ పక్కకి జరిగి, ఎలాగో లేచి నిలబడి కిందకి చూశాను. కెఫెటీరియా అగ్గిపెట్టెంత కనిపించింది. నాకు సోమవారం గుర్తొచ్చింది. "అన్నా, ఇప్పుడు చెప్పు, ఆగడం ఎలా?"

ఎరుకన్న మంకీ క్యాప్ తీసి, మళ్ళీ పెట్టుకుని, "తమ్మీ... నాకు రాదుర" అన్నాడు.

"పోయినేడు వచ్చానన్నావుగా!"

"వచ్చిన. కింద ఫొటో దిగి ఇంటికి పోయిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాదని ముందే ఏడవచ్చుగా అన్నా! నా కాలు విరిగితే ఏంటి పరిస్థితి?" అని అరిచాను. ఆయన మంచులో కూలబడ్డాడు. "ఎట్ల చెప్పాలెరా? అందరు నన్నే అడుగుతరు. నేనొచ్చిననాడు నాకెవ్వరున్నరు? ఎయిర్‌పోర్ట్‌ల సామాను మీద కూసున్న, పొద్దుగూకెదాక. ఎవ్వడు రాలే. ఇగ అప్పటిసంది, ఎవలేమడిగినా రాదని చెప్పబుద్ధి కాదు." నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఎరుకన్నకి సీనియర్ లేడన్న సంగతి అప్పటిదాకా మాలో ఒక్కడికీ తట్టలేదు, ఆయన పుట్టుకతోనే సీనియర్ అన్నట్టు ఉండేవాళ్ళం.

ఇద్దరం స్కీలు విప్పి, పసిపిల్లల్లా చంకనెత్తుకుని, కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే జారడం మొదలుపెట్టాం. బడికి కూడా పోని పిల్లలు మా పక్కనుంచి సర్రున దూసుకుపోతున్నారు. సగం దారిలో, కొండమీద గస్తీ తిరిగే ఆయన ఒకడు ఆగి, "దెబ్బలేమైనా తగిలాయా?" అని ఇంగ్లీషులో ఆదుర్దాగా అడిగాడు. "నో నో, వియ్ ఆర్ ఎంజాయింగ్" అన్నాడు ఎరుకన్న, ఎంతో హుందాగా, వెల్లకిలా పడుకుని. కిందకి చేరేసరికి పులిహోర అయిపోయింది.

భగవంతుడి దయవల్ల కాళ్ళూ చేతులూ దక్కాయి. కూర్చునే భాగం మాత్రం దక్కలేదు. సోమవారం పొద్దున నన్ను కొత్త ఆఫీస్‌లో డ్రాప్ చేస్తుంటే, "ఫస్ట్ డే ఎలా ఉంటుందన్నా?" అని అడిగాను. "నాకె..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "నేనైతే బాత్రూంల తలుపేసుకొని కూసొని ఏడ్చిన. నువ్వు ఏడ్వకు" అన్నాడు. ఏడుద్దామన్నా నాకు కూర్చునే యోగం లేదు. ఓరియెంటేషన్ అంతా గోడకి ఆనుకుని నిలబడే విన్నాను, మేనేజర్ నా ఉత్సాహానికి ముచ్చటపడ్డాడు.

సాయంత్రం బయటికొస్తే, పొద్దున నన్ను దింపినచోటే ఎరుకన్న కారు ఉంది. విండ్‌షీల్డ్ మీద పొద్దుటి నుంచి రాలిన దేవదారు ఆకులు అలాగే ఉన్నాయి. "ఆఫీస్‌కి పోలేదా అన్నా?" అన్నాను. "లీవ్ పెట్టిన తమ్మీ. కుర్చీల కూసోవస్తలేదు" అన్నాడు. నేను దారిపొడుగునా పడీపడీ నవ్వాను. కుర్చీలో కూర్చోలేని మనిషి రోజంతా కారు సీట్లో ఎలా కూర్చున్నాడని అడగాలని నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళకి తోచి, ఆనాటి ఆ తెలివితక్కువ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వబోతే, నవ్వు సగంలోనే ఆగిపోతోంది.