పంచాంగం కొనే నాస్తికుడు

నాస్తికుణ్ణే అయినా ఏటా ఉగాదికి ముందే పంచాంగం కొనేవాణ్ణి. రాహుకాలం ఎప్పుడో తెలియాలి కదా! మా సంస్కరణ సభలన్నీ ఆ వేళకే మొదలయ్యేవి. ఇంటికి సున్నం వేయించినా, ఊరికి ప్రయాణమైనా రాహుకాలంలోనే. ఆదోనిలో నా నోటుపుస్తకాలు బైండు చేసే సాయిబు, నా పాత మిత్రుడు, ఇది చూసి నవ్వేవాడు.

"అన్నా, ఈ ఊర్లో పూజారి గూడా నీ అంత పంచాంగం సూడడు."

నేనూ నవ్వేవాణ్ణి.

డెబ్బైల చివర్లో మా అమ్మాయి ఎమ్మిగనూరులో ఒక నేతపని ఇంటి అబ్బాయిని ఇష్టపడింది. కులం వేరు, నాకు అంతకంటే సంతోషం ఏముంది? అబ్బాయి తండ్రి ఆదోని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

"పెండ్లి సేసే అయ్యవారు వద్దంటే వద్దప్పా. మంత్రాలూ వద్దు. రాహుకాలం ఒగటి వదిలెయ్. మా ఇంట్లో ఆడోళ్లు బయపడతాండారు. శుక్రారం తొమ్మిదిన్నరకి తాళి కట్టిస్తాం."

"పదిన్నర దాటినాంక కట్టిస్తేనే వస్తా" అన్నాను. శుక్రవారం రాహుకాలం అప్పుడే మొదలవుతుంది.

అమ్మాయి నా ముఖంలోకి చూసింది. "గంట తేడాకి నువ్వు రాకుండా ఉంటావా నాయనా?"

"గంట కాదు, సిద్ధాంతం."

సభలో అయితే చప్పట్లు పడే మాట. ఆ ఇంట్లో ఎవరూ కొట్టలేదు.

ఆ శుక్రవారం ఇంట్లో కూర్చుని ముహూర్తాల మీద వ్యాసం రాశాను. నిప్పులు చెరిగానని తర్వాత మిత్రులు మెచ్చుకున్నారు. నా భార్య ఒక్కతే పెళ్లికి పోయి వచ్చింది. ఎలా జరిగిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. గంట ప్రయాణం కూడా లేని ఎమ్మిగనూరుకు ఆరేళ్లు నేను బస్సు ఎక్కలేదు.

ఆ ఆరో ఏడే వ్యంగ్య నవల మొదలుపెట్టాను. అందులో ఒక ముసలి సంస్కృత పండితుడు. కొడుకు రాహుకాలంలో పెళ్లి చేసుకుంటున్నాడని పోడు. చివరికి ఇంట్లో గోడతో శాస్త్రచర్చ చేసి, గోడ ఓడిపోయిందని ప్రకటించి, ఒక్కడే అన్నం తింటాడు. రాసినంతవరకు సాయిబుకు చదివి వినిపించేవాణ్ణి. జిగురు గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వేవాడు. గోడ అధ్యాయం దగ్గర మాత్రం నవ్వలేదు.

"ఈ ముసిలాయన్ని యాడ సూసినావు అన్నా?"

"యాడా లేదు. కల్పన."

"అట్లనా. ఒకసారి ఎమ్మిగనూర్లో పాపకి సదవనీకి ఇయ్యి" అని మళ్లీ జిగురు కలుపుకున్నాడు.

కోపం వచ్చింది. నాలుగు రోజులకు అది దిగిపోయి, కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పంచాంగం చూడటం ఆ రోజు గుర్తు రాలేదు.

అమ్మాయి మగ్గం పక్కన కూర్చుని చదివింది. నవ్వాల్సిన చోట నవ్వింది కూడా. చివరి కాగితం తిప్పి అడిగింది.

"ముసిలాయన గురించి ఇంత రాసినావు. ఆ పొద్దు కొడుకు ఏమనుకున్యాడో ఒక్క మాట గూడా లేదే?"

"నాకు తెలీదమ్మా."

"అడిగింటే సెప్పేదాన్ని."

"ఇప్పుడు అడుగుతాండా."

ఆమె కాగితాలు అంచులు కలిపి సర్దింది. "తొమ్మిదిన్నరకి అంతా కూసున్యాం. మా మామ తాళి పట్టుకోని, 'పెద్దాయన వస్తాడు, ఆగండి' అన్యాడు. ఆదోని బస్సు వచ్చినప్పుడల్లా మనిషిని పంపినాడు. మూడు బస్సులు పోయినాయి. మా అత్త ఏడుస్తాంది టైము దాటిపోతాందని. నేను గూడా ఆగమనే సెప్పినా. తాళి కట్టేసరికి పదకొండు."

లేచి సంచి నా చేతికిచ్చి, "అన్నం తినిపో" అంది.

నేను పట్టుబట్టిన వేళకే తాళి కట్టారు. నా కోసం ఎదురుచూసి, భయపడుతూనే కట్టారు. ఆ పదకొండు గంటలకు నేను వ్యాసంలో చివరి వాక్యం దిద్దుకుంటూ ఉండి ఉంటాను.